గృహహింస బాధితులకు సహాయ సేవలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

సొంత ఇంట్లో, ఇంటివాళ్ల చేతిలో దెబ్బలు, తిట్లు, బెదిరింపులు, లైంగిక బలవంతం, తిండికీ డబ్బుకీ కట్టడి ఎదుర్కొంటున్న స్త్రీకి రక్షణ, వైద్యం, తలదాచుకునే చోటు, సలహా, న్యాయ సహాయం, బతుకుతెరువు అందించే ఏర్పాట్లను కలిపి గృహహింస బాధితుల సహాయ సేవలు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఏ ఒక్క శాఖదీ కాదు. స్త్రీ శిశు సంక్షేమ శాఖ, పోలీసు శాఖ, న్యాయ సేవాధికార సంస్థలు, ప్రభుత్వాసుపత్రులు, డ్వాక్రా సంఘాల మండల సమాఖ్యలు, స్వచ్ఛంద సంస్థలు తలా కొంత మోస్తున్నాయి. 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం వీటన్నిటినీ ఒక వరుసలో పెట్టింది. కాగితం మీద ఆ వరుస బాగానే ఉంది. అయితే ఊళ్లో దెబ్బలు తిన్న మనిషి ముందుగా ఎవరితో చెప్పుకుంది, ఆ విన్నవాళ్లు ఏం చేశారు అన్నదాని మీదే తర్వాత అందే సాయమంతా ఆధారపడుతోంది.

హింస ఎంత, మౌనం ఎంత

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3 శాతం. అదే సర్వే ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగింది. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి ఆ కారణాలు. సబబే అన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి సుమారు 84 మంది. దేశంలో ఇంతకంటే ఎక్కువగా ఈ జవాబు మరెక్కడా రాలేదు.

ఈ అంకెను చూసి తెలుగు స్త్రీలకు తన్నులు ఇష్టమని అనుకోవడం ఘోరమైన పొరపాటు. చిన్నప్పటినుంచి ‘సర్దుకుపో’, ‘ఇల్లన్నాక ఇవన్నీ మామూలే’, ‘పిల్లల ముఖం చూసి ఓర్చుకో’ అనే మాటలు విని పెరిగిన మనిషి సర్వేకొచ్చినవాళ్లకు చెప్పే జవాబది. దేశవ్యాప్తంగా హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. సాయం కోరినవారు 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. సహాయ సేవలను ఎక్కడ ఏర్పాటు చేయాలి, ఎవరికి ముందుగా శిక్షణ ఇవ్వాలి అనే ప్రశ్నలకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది.

పూర్వరంగం

ఇల్లు వదిలిన స్త్రీకి ఆశ్రయం కల్పించాలనే ఆలోచన తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఆ స్త్రీలకు నీడ కూడా చూడాల్సి వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. ఆమె చేసిన మరో రెండు పనులు ఈ విషయానికి ఇంకా దగ్గరివి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. తర్వాతి కాలంలో దేశమంతటా కుటుంబ సలహా కేంద్రాలకు నిధులిచ్చింది ఆ బోర్డే. అదే సంవత్సరం చైనా పర్యటన నుంచి తిరిగొచ్చాక, కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండాలని ఆమె వాదించారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చేనాటికి ఆమె లేరు.

1970ల చివర హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన వంటి బృందాలు వరకట్న మరణాలను ఇంటి గుట్టుగా కాక నేరంగా చూడాలని పోరాడాయి. దేశమంతటా జరిగిన ఇలాంటి ఉద్యమాల ఒత్తిడితో 1983లో భారత శిక్షా స్మృతిలో భార్య పట్ల క్రూరత్వాన్ని నేరంగా చూసే 498ఏ సెక్షన్ చేరింది. విజయవాడలో చెన్నుపాటి విద్య 1969లో మొదలుపెట్టిన వాసవ్య మహిళా మండలి, హైదరాబాద్‌లో 1991లో ఏర్పడిన అస్మిత, 1993లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మహిళా సమత, అదే ఏడాది మొదలైన ‘భూమిక’ పత్రిక ఈ పనిని తర్వాతి తరానికి అందించాయి. భూమిక బృందం 2006లో హెల్ప్‌లైన్ కూడా ప్రారంభించింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చాలామంది మద్యనిషేధ ఉద్యమంగానే గుర్తుపెట్టుకున్నారు. అక్షరదీపం అనే వయోజన విద్యా తరగతుల్లో కూర్చున్న ఆ ఊరి రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు నిజానికి మాట్లాడింది తమ ఇళ్లలో రాత్రిపూట జరిగే హింస గురించి. సారా తాగొచ్చిన భర్త కూలి డబ్బు లాక్కోవడం, కొట్టడం, అన్నం కుండ పగలగొట్టడం మీద వాళ్లు ఊరి నడిబొడ్డున నిలబడి మాట్లాడారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తర్వాత కాలంలో నిషేధం సడలిపోయింది. కానీ ఆ ఉద్యమంలో కలిసి నిలబడటం నేర్చుకున్న స్త్రీలే డ్వాక్రా సంఘాలకు ఊతమయ్యారు. ఈనాడు మండల సమాఖ్యల్లో నడిచే కుటుంబ సలహా కేంద్రాల మూలాలు అక్కడున్నాయి.

చట్టం ఇచ్చే హక్కులు

గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. భార్యకే కాదు, తల్లి, అక్కచెల్లెళ్లు, కూతురు, ఇంటి వితంతు కోడలు, పెళ్లి కాకుండా దాంపత్యంలా కలిసి బతుకుతున్న స్త్రీ కూడా దీని కింద రక్షణ కోరవచ్చు. కొడుకు కొడుతున్నాడని ఫిర్యాదు చేసే ముసలితల్లికీ ఈ చట్టం వర్తిస్తుందన్న సంగతి ఊళ్లలో చాలా తక్కువమందికి తెలుసు. శారీరక, లైంగిక, మాటల, మానసిక హింసతోపాటు ఆర్థిక హింసను కూడా చట్టం గుర్తించింది. ఖర్చులకు డబ్బివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం అమ్మేయడం దీని కిందికి వస్తాయి. మగపిల్లాడు పుట్టలేదని, కట్నం తేలేదని దెప్పడం కూడా చట్టం దృష్టిలో హింసే.

దీనిలో ముఖ్యమైనది నివాస హక్కు. భర్తతో కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు, ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమెకు ఉంటుంది. ‘ఇది నా ఇల్లు, నీ మొగుడిది కాదు’ అని కోడలిని గెంటేయడానికి అత్తమామలకు 2006 నాటి ఒక తీర్పు చాలాకాలం ఉపయోగపడింది. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహుజా కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అంతకుముందు 2016లో, ప్రతివాది వయోజనుడైన పురుషుడే అయి ఉండాలన్న షరతును కూడా తొలగించింది.

ఈ చట్టం కింద వేసే అర్జీని తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో డీవీసీ అంటారు. జైలు శిక్ష కోసం వేసే కేసు ఇది కాదు. కొట్టకుండా, ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా, ఖర్చులకిచ్చేలా, పిల్లలు తల్లి దగ్గర ఉండేలా మేజిస్ట్రేటు నుంచి ఉత్తర్వులు తెచ్చుకునే మార్గమిది. రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. క్రూరత్వానికి శిక్ష కోరే కేసు వేరు. 2024 జులై 1 నుంచి పాత 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. జనం నోట ఇప్పటికీ అది 498ఏనే. రెండూ ఒకేసారి వేసుకోవచ్చు.

మొదట వినేవాళ్లు

ఊళ్లో ఈ సంగతి ముందుగా తెలిసేది అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో, సంఘం లీడరుకో. బిడ్డ బరువు తూయించడానికి వచ్చిన తల్లి చేతి మీద కమిలిన మచ్చ వాళ్లకు కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులను కూడా నియమించారు. గృహహింస చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా, ఆ చట్టం కింద నియమించే రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదు. ‘మొగుడూ పెళ్లాల మధ్యకు మనమెందుకు’ అని పక్కింటివాళ్లు తలుపులు మూసుకోవడానికి కారణం చట్టం కాదు, భయమూ అలవాటూ.

ఫోను చేయగలిగినవాళ్లకు 181 మహిళా హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే 112. ఉచిత న్యాయ సలహాకు 15100. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వేధిస్తుంటే టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు. చేయి తిరిగిన కౌన్సెలర్ ఫోను ఎత్తగానే కథంతా చెప్పమని అడగదు. ‘అమ్మా, ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా? ఫోను కట్ అయితే మేం తిరిగి చేయవచ్చా?’ అని అడుగుతుంది. మూడో ప్రశ్న చాలా ముఖ్యం. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోను భర్త ఎత్తితే ఆ రాత్రి ఆమెకు మరింత ప్రమాదం. పోలీసులను వెంటనే పంపాలా, జిల్లాలోని సఖి సహాయ కేంద్రానికి చెప్పాలా, ముందు ధైర్యం చెప్పి మళ్లీ మాట్లాడాలా అన్నది ఆ తర్వాత తేలుతుంది.

సఖి కేంద్రాలు

2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఏర్పడిన నిర్భయ నిధితో 2015 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం వన్‌ స్టాప్ సెంటర్ల పథకాన్ని మొదలుపెట్టింది. వీటినే సఖి కేంద్రాలంటారు. ఇప్పుడివి మిషన్ శక్తి పథకంలో భాగం. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ వీటిని పర్యవేక్షిస్తుంది. తెలంగాణలో చాలా జిల్లాల్లో నిర్వహణ స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉంది. కౌన్సెలింగ్, ప్రథమ చికిత్స, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల వసతి ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. ఆసుపత్రి ఆవరణలోనో, రెండు కిలోమీటర్ల లోపులోనో కేంద్రం ఉండటం మంచిదని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరుగుతూ ప్రతిచోటా అదే అవమానాన్ని మొదటినుంచి చెప్పుకోవాల్సిన బాధ తప్పించడమే ఈ ఏర్పాటులోని గొప్పతనం. కేంద్రం నడిచే తీరు మాత్రం అక్కడ పనిచేసే అయిదారుగురు స్త్రీల మీద ఆధారపడి ఉంటుంది. వాళ్లు ఒప్పంద ఉద్యోగులు, జీతాలు తక్కువ, రాత్రి విధులు ఎక్కువ. రోజంతా ఇతరుల దుఃఖం వినే ఈ కేస్ వర్కర్లను ప్రభుత్వాలు ఇంకా చాలా బాగా చూసుకోవాలి. జిల్లాకొక్కటే కేంద్రం ఉండటం మరో ఇబ్బంది. ఉట్నూరు వైపు కొండగూడేల నుంచి జిల్లా కేంద్రానికి రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి, ఇంట్లో చెప్పే అబద్ధం, మూడూ కావాలి.

రక్షణ అధికారి, డీఐఆర్

చట్టం సృష్టించిన కొత్త ఉద్యోగం రక్షణ అధికారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకే ఆ బాధ్యత అప్పగించి, కింద ఒక న్యాయ సలహాదారు, ఒక సామాజిక సలహాదారు, సహాయక సిబ్బందితో గృహహింస విభాగాలు ఏర్పాటు చేశారు. దీన్నే డీవీ సెల్ అంటారు. అంగన్‌వాడీల నుంచి పౌష్టికాహారం దాకా జిల్లా బాధ్యతలన్నీ మోసే అధికారికి ఇది అదనపు పని అయింది. ఈ పద్ధతి వల్ల నష్టపోయింది బాధితురాళ్లే. రక్షణ అధికారులను జిల్లా, తాలూకా స్థాయిల్లో గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించాల్సి వచ్చింది.

బాధితురాలు వచ్చినప్పుడు ఈ అధికారి తయారుచేసే పత్రాన్ని డీఐఆర్, అంటే గృహ ఘటన నివేదిక, అంటారు. చట్ట నియమాల్లో ఇది మొదటి నమూనా పత్రం. చూడటానికి మామూలు సర్కారీ దరఖాస్తులాగే ఉంటుంది. పేర్లు, చిరునామాలు, పిల్లల వివరాల తర్వాత హింసను రకాలవారీగా నమోదు చేసే గళ్లు వస్తాయి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు. ‘ఎన్నిసార్లని చెప్పను’ అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఓపికున్న సలహాదారు తేదీల కోసం వేధించదు. దసరా ముందా తర్వాతా, చిన్నది కడుపులో ఉన్నప్పుడా, కోతల రోజుల్లోనా అని అడిగి కాలం తేలుస్తుంది. తిట్టిన మాటలను తిట్టినట్టే రాస్తుంది. తర్వాత జతచేసే కాగితాలు: ఆసుపత్రి చీటీ, స్త్రీధనం జాబితా. చివర ఆమెకు ఏ ఉత్తర్వులు కావాలో, ఏ సాయం కావాలో గుర్తుపెట్టే గళ్లు ఉంటాయి. నియమాల్లోని అయిదో నమూనా పత్రం భద్రతా ప్రణాళిక. మళ్లీ దాడి జరిగితే ఏం చేయాలో ఆమెతో కూర్చుని రాయాల్సిన కాగితమది. ఎక్కువచోట్ల దాన్ని నింపరు. నింపితీరాలి.

స్త్రీధనం జాబితా దగ్గర మరో చిక్కు వస్తుంది. పెళ్లిలో పెట్టిన బంగారానికి బిల్లులు ఉండవు, ఉన్నా అత్తగారి బీరువాలో ఉంటాయి. పెళ్లి ఫొటోల్లో మెడలో కనిపించే నగలు, సారె పంపినప్పటి ఫొటోలు, శుభలేఖ ఇక్కడ పనికొస్తాయి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు, స్కూలు కాగితాల నకళ్లు నమ్మకమైన చోట ముందే దాచుకొమ్మని కౌన్సెలర్లు చెప్పేది ఇందుకే. కాగితాలు లేవని ఎవరినీ తిప్పి పంపకూడదు. అసలు డీఐఆర్ లేకపోయినా కోర్టు అర్జీ తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పోలీసులు, రాజీలు

తెలంగాణలో 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ప్రధానంగా వీధుల్లో, ఆన్‌లైన్లో జరిగే వేధింపుల మీద పనిచేస్తాయి. 2016లో హాకా భవన్‌లో ప్రారంభమైన భరోసా కేంద్రం లైంగిక హింసకు గురైన స్త్రీలు, పిల్లలకు పోలీసు, వైద్య, న్యాయ సహాయాన్ని ఒకేచోట ఇస్తుంది. కుటుంబ కేసుల కౌన్సెలింగ్‌కు పోలీసు శాఖ కింద సీడ్యూ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొలి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో ప్రారంభమైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు, యాప్‌లు మారుతున్నాయి. సాయం కోసం వెతికే మనిషికి పేరు మారిన ప్రతిసారీ మళ్లీ తెలుసుకోవాల్సిన పని పడుతుంది.

మహిళా పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన భార్యాభర్తల తగాదాలో ముందుగా జరిగేది కౌన్సెలింగ్. ఇద్దరినీ, ఇరువైపుల పెద్దమనుషులనూ పిలుస్తారు. ఒకటి రెండు వాయిదాల తర్వాత ‘ఇకమీదట కొట్టను’ అని అతను కాగితం రాసిస్తాడు, ఆమెను కాపురానికి పంపిస్తారు, దస్త్రంలో రాజీ అని రాసుకుంటారు. మనస్పర్థలకు ఇది పనికొస్తుందేమో గానీ తన్నులకు మందు కాదు. ఆ కాగితం రాసిన చేతే మళ్లీ లేచిన ఉదంతాలు ప్రతి కేంద్రంలోనూ ఉంటాయి. చట్ట నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. మేజిస్ట్రేటు ఆదేశంతో జరిగే కౌన్సెలింగ్‌లో, కొట్టడానికి కారణం ఉందని ప్రతివాది సమర్థించుకోవడానికి వీల్లేదు. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే దాని లక్ష్యం. ‘కూర బాలేదని ఒక్క దెబ్బ వేశాను సార్’ అన్నప్పుడు ‘నువ్వూ కాస్త చూసుకోవాలి కదమ్మా’ అనే సలహాదారు ఆ నియమాన్నే కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి ప్రాణాన్నీ పణంగా పెడుతున్నారు. కేంద్రాల పనితీరును ఎన్ని రాజీలు చేశారన్న లెక్కతో కొలవడం మానేయాలి. మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత ఆమె ఎలా ఉందో కనుక్కున్న లెక్క కావాలి.

దీనికి భిన్నమైన పద్ధతి 1984 నుంచే ఉంది. ముంబయి పోలీసు కమిషనరేట్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆ ఏడాది ప్రత్యేక విభాగం నెలకొల్పింది. పోలీసులు కాని, శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు స్టేషన్‌లోనే కూర్చుని బాధితురాలి పక్షాన పనిచేస్తారు. హైదరాబాద్‌లో భూమిక బృందం మహిళా పోలీస్ స్టేషన్లలో నడిపిన సహాయ కేంద్రాలు ఈ తోవలోనివే.

పుట్టింటికి వచ్చేసిన స్త్రీని ‘మీ అత్తగారి ఊరి స్టేషన్‌కు వెళ్లు’ అని పంపేయడం కూడా తప్పే. ఆశ్రయం పొందిన చోటే క్రూరత్వం కేసు పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆసుపత్రి

దెబ్బలతో వచ్చిన స్త్రీ ‘బాత్‌రూములో జారిపడ్డాను’ అంటుంది, పక్కన భర్తో అత్తో ఉంటారు. వాళ్లను బయట కూర్చోబెట్టి, ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ అడగగల నర్సు వెయ్యి పోస్టర్ల పెట్టు. గాయాలను మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తే ఆ కాగితమే తర్వాత కోర్టులో బలమైన సాక్ష్యం. డీఐఆర్ లేదన్న సాకుతో వైద్యం నిరాకరించడానికి వీల్లేదని నియమాలు చెబుతున్నాయి. ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000 ప్రాంతంలో మొదలైన దిలాసా విభాగం, ఆసుపత్రిలోనే కౌన్సెలింగ్ ఇవ్వవచ్చని చూపించింది. తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రులన్నిటిలో అలాంటి విభాగం ఉండాల్సిన అవసరం ఉంది.

తలదాచుకునే చోటు

మొత్తం ఏర్పాటులో బలహీనమైన భాగం ఇదే. సఖి కేంద్రంలో ఉండనిచ్చేది సాధారణంగా అయిదు రోజులు. ఆ తర్వాత స్వధార్ గృహాలకు పంపేవారు. 2022 నుంచి అవి శక్తి సదన్‌లలో కలిశాయి. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ప్రభుత్వ స్టేట్ హోమ్ ఉంది. ఉద్యోగం దొరికినవాళ్లకు వర్కింగ్ ఉమెన్ హాస్టళ్లు ఉన్నాయి. బాధితురాలు కోరితే ఆమె ఉన్న చోటు గోప్యంగా ఉంచాలని నియమం.

అయినా చాలామంది హోముకు వెళ్లడం కంటే కొట్టే ఇంటికి తిరిగి వెళ్లడమే నయమనుకుంటారు. మగపిల్లలకు వయఃపరిమితి ఉండటంతో పెద్దవాడైన కొడుకును తల్లితో ఉంచుకోరు. కొడుకును వదిలి తల్లి రాదు. బయటికి వెళ్లి పని చేసుకోవడానికి ఆంక్షలుంటాయి. ‘హోములో ఉన్న మనిషి’ అన్న మాట ఊళ్లో జీవితాంతం వెంటాడుతుంది. హోము నుంచి బయటికొచ్చాక అద్దె ఇల్లు దొరకడం ఇంకో గండం. మొగుడు లేకుండా పిల్లలతో వచ్చిన ఆడమనిషికి ఇల్లు ఇవ్వడానికి ఇంటివాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. రేషన్ కార్డులో పేరు అత్తగారింటి కార్డులోనే ఉంటుంది. డ్వాక్రా సంఘంలో ఆమె పేరున తీసి భర్త వాడుకున్న అప్పు వాయిదా ఆమె కట్టాల్సిందే. తెలంగాణలో 2017లో ప్రవేశపెట్టిన ఒంటరి మహిళల పింఛను కొందరికి ఆసరా అయింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒంటరి మహిళలకు పింఛను ఉంది. హింస నుంచి అప్పుడే బయటపడిన మనిషికి మొదటి ఆరు నెలలే అన్నిటికంటే గడ్డుకాలం. అప్పటికి అక్కరకొచ్చే పథకం ఏదీ లేదనే చెప్పాలి.

కోర్టులో

స్త్రీలు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది. మండల స్థాయిలోనూ కమిటీలున్నాయి. అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ, అక్కణ్నుంచి అరవై రోజుల్లో పరిష్కారం అని చట్టం చెబుతోంది. నోటీసు రెండు రోజుల్లో అందించే బాధ్యత రక్షణ అధికారిది. ఆచరణలో నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం, వాయిదాలు, బదిలీలతో ఏళ్లు పడుతోంది. అందుకే అనుభవమున్న లాయర్లు 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం మొదటి రోజే పట్టుబడతారు. పరిస్థితిని బట్టి అవతలివాళ్లు రాకపోయినా మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. నెలకింత ఇవ్వమని ఉత్తర్వు వచ్చాక అది వసూలు కావడం మరో పోరాటం. బకాయిల కోసం మళ్లీ పిటిషన్ వేసి, వారెంట్ తెచ్చి, పోలీసుల చుట్టూ తిరగాలి.

ఇరుగుపొరుగు సంఘాలు

హైదరాబాద్ పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ నెలకొల్పిన షాహీన్ సంస్థ అక్కడి ముస్లిం, దళిత స్త్రీల మధ్యే ఉండి పనిచేస్తోంది. మై చాయిసెస్ ఫౌండేషన్ బస్తీ స్త్రీలకే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా తయారుచేసింది. మండల సమాఖ్యల సాంఘిక కార్యాచరణ కమిటీలు బాల్యవివాహాలు, కట్నం తగాదాలు, హింస కేసులు వింటాయి. ఇక్కడికి రావడానికి బస్సు ఎక్కనక్కర్లేదు, లాయరు అక్కర్లేదు, భాష అడ్డురాదు. ‘వదినా, రాత్రి మళ్లీ కొట్టాడు’ అని చెప్పుకునే చనువు ఏ సర్కారీ కార్యాలయంలోనూ దొరకదు. పదిమంది సంఘం స్త్రీలు ఇంటి ముందుకొచ్చి కూర్చుంటే దారికొచ్చే మొగుళ్లు ఉన్నారు.

ఈ దగ్గరితనానికి ఒక ప్రమాదమూ ఉంది. అదే ఊరు, అదే కులం, అదే బంధుత్వం కావడంతో కమిటీ పెద్దలే కొట్టినవాడి మేనత్తలు కావచ్చు. కులాంతర వివాహం చేసుకున్న పిల్లకు, దళిత స్త్రీకి ఇలాంటి చోట న్యాయం ఆలస్యమయ్యే వీలెక్కువ. చెప్పుకున్న సంగతి సాయంత్రానికి ఊరంతా తెలిసిపోవడం కూడా హింసే. కమిటీలకు గోప్యత గురించి, ప్రాణాపాయాన్ని గుర్తించడం గురించి పదేపదే శిక్షణ ఇచ్చిన చోట్ల అవి బాగా పనిచేశాయి. గొంతు పిసకడం, కిరోసిన్ పోస్తానని బెదిరించడం వంటివి విన్నప్పుడు పంచాయితీ ఆపి వెంటనే పోలీసులకు చెప్పాలన్నది ఆ శిక్షణలో ముందుండాల్సిన పాఠం.

విదేశాల్లోని తెలుగు స్త్రీలు

అమెరికా సంబంధమని లక్షలు పోసి పంపిన కూతురు అక్కడ గదిలో బందీ అయితే సాయం చేసే దక్షిణాసియా సంస్థలున్నాయి. న్యూజెర్సీలో 1985లో పుట్టిన మానవి, న్యూయార్క్‌లో 1989లో వచ్చిన సఖి, హ్యూస్టన్‌లో 1996 నుంచి పనిచేస్తున్న దయ వీటిలో ముఖ్యమైనవి. హెచ్‌-4 వీసా మీద వెళ్లిన భార్య ఉనికి భర్త ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు దాచేయడం, ‘వీసా రద్దు చేయిస్తా’ అని బెదిరించడం అక్కడి హింసకు ప్రత్యేక రూపాలు. హింసకు గురైన హెచ్‌-4 భార్యలు సొంతంగా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు; నేర విచారణలో సహకరించిన బాధితులకు యూ వీసా ఉంది. 911కు ఫోను చేస్తే తనను కూడా దేశం నుంచి పంపేస్తారన్న భయంతో చాలామంది ఈ వివరాలు కనుక్కోవడానికే వెనుకాడతారు.

సెలవుల పేరుతో ఇండియాకు తీసుకొచ్చి, పుట్టింట్లో దింపి, పాస్‌పోర్టు పట్టుకుని భర్త వెళ్లిపోయిన కేసులు కరీంనగర్, గుంటూరు వైపు కొత్త కాదు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఇలాంటివాటికి ఎన్నారై సెల్ ఉంది. భర్త టెక్సాస్‌లో ఉన్నా, కాపురం అక్కడే జరిగినా, ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊరి మేజిస్ట్రేటు దగ్గరే గృహహింస చట్టం 27వ సెక్షన్ కింద డీవీసీ వేసుకోవచ్చు.